రెండు వేళ్ళ మెడ

మార్చి 3, సోమవారం

ఈ నోటుపుస్తకం నా కోసం. ఇంకెవరైనా తెరిస్తే వెంటనే మూసేయాలి. ముఖ్యంగా మా అమ్మాయి.

పొద్దున్నే నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి ముప్ఫై ఫోటోలు తీసింది. నా పేరు మీద ఒక పేజీ తెరుస్తుందట. దాన్ని లోకం చూస్తుందట. చూసి నాకు పని ఇస్తుందట.

"కొంచెం నవ్వు నాన్నా. పోలీస్ స్టేషన్లో తీసిన ఫోటోలా ఉంది."

"బొమ్మలు చేసేవాడు నవ్వాలని ఎక్కడ రాసుంది?"

"పని కావాలనుకునేవాడు నవ్వాలి."

ఆ పేజీకి 'బొమ్మల తాతయ్య' అని పేరు పెడతానంది. నాకు యాభై నాలుగేళ్ళు. ఉన్న ఒక్కగానొక్క కూతురికి ఇంకా పెళ్ళి కాలేదు, నేను అప్పుడే తాతయ్యనట! గంటసేపు వాదించుకుని 'చేతిబొమ్మల శిల్పి' దగ్గర రాజీపడ్డాం.

మా బృందం మూతపడి మూడు నెలలైంది. బృందం అంటే ఎంతో మంది కాదు, ఇద్దరమే. బొమ్మలు చేసేది నేను, తెర వెనక నిలబడి ఆడించేది అక్క. ఇరవై రెండేళ్ళు స్కూళ్ళలో, హాళ్ళలో, ఆసుపత్రి వరండాల్లో ఆడాం. డిసెంబరులో ఒక ఆట అయ్యాక అక్క "ఇక నావల్ల కాదురా" అని చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది. ఇప్పుడు బట్టల షాపులో ప్యాంట్ల అంచులు కుడుతోంది. నా బొమ్మలు నలభై ఒకటి వెనక గదిలో మేకులకు వేలాడుతున్నాయి.

నాకు ఎవరి మీదా కోపం లేదు.

మార్చి 5

పేజీని తొమ్మిది మంది చూశారు. అందులో నలుగురు మా ఆవిడ ఆఫీసువాళ్ళు. ఇలాంటివి నేను చూడను, అమ్మాయి చెప్పింది.

మధ్యాహ్నానికి పదకొండు. సాయంత్రానికీ పదకొండే.

మార్చి 8, శనివారం

మా ఆవిడ నన్ను అడక్కుండానే ఒక క్లాసులో చేర్పించింది. మనల్ని మనం ఎలా పరిచయం చేసుకోవాలో ఒక్క రోజులో నేర్పిస్తారు. పుట్టి యాభై నాలుగేళ్ళయ్యాక నాకు ఇది నేర్పిస్తారు.

బీమా ఆఫీసు పైన రెండో అంతస్తులో గది. ప్లాస్టిక్ కుర్చీలు, కాగితపు కప్పుల్లో చల్లారిన టీ. నేర్పే మనిషికి నోట్లో ముప్ఫై రెండు కాదు, ఇంకో పది ఎక్కువున్నట్టు కనిపించాయి. ఆయన నోరు మూయడం నేను చూడలేదు. అందుకని ఇక్కడ ఆయన పేరు పళ్ళాయన.

మేం పన్నెండు మందిమి. కొవ్వొత్తులు పోసే ఆవిడ, కేకులు చేసే దంపతులు, కుక్కలకు స్నానం చేయించే ఒక పెద్దమనిషి, ఇలా. ఒక్కొక్కరూ లేచి అర నిమిషంలో తమ గురించి చెప్పాలి. నా వంతు రాగానే "నేను చేతిబొమ్మలు చేస్తాను" అని చెప్పి కూర్చున్నాను.

"అంతేనా సార్? ఇంకా చాలా టైముంది!"

"విషయం అయిపోయింది."

"ఎందుకు చేస్తారు? మీ కథేంటి? జనం బొమ్మని కొనరు సార్. మీ కథని కొంటారు."

"కథ కావాలంటే టికెట్ కొనుక్కుని ఆట చూడాలి" అన్నాను. ఆయన దానికి కూడా చప్పట్లు కొట్టించాడు.

తర్వాత కుక్కల పెద్దమనిషి లేచాడు. ఒక ముసలి కుక్క వీపు రుద్దుతుండగా ఆయనకు జీవితం అర్థమైందట. చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. కొవ్వొత్తుల ఆవిడ కూడా తుడుచుకుంది. టీ విరామంలో ఆయన కార్డు కోసం అందరూ ఎగబడ్డారు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, గోడ మీదున్న గడియారం సరిగ్గా నడుస్తోందా అని తప్ప.

మర్యాదకు ఏదో ఒకటి రాసుకోవాలి కదా అని ఒక్క ముక్క రాసుకున్నాను: కథ ఉండాలి.

మార్చి 12

పేజీ పుణ్యమా అని మూడు ఫోన్లు.

ఒకటి. పళ్ళ డాక్టరు. పన్ను బొమ్మ కావాలి, నవ్వుతూ ఉండాలి. పన్నుకు ముక్కు ఉండాలా వద్దా అని ఇరవై నిమిషాలు చర్చించాం. నా జీవితంలో ఇదొక మజిలీ.

రెండు. వాళ్ళ బాస్ రిటైర్ అవుతున్నారట, ఆయన ముఖంతో బొమ్మ. "ఉన్నదున్నట్టు వద్దు సార్, ఆయన ఫీలవుతారు" అన్నాడు. మరి ఇంకెవరి ముఖం పెట్టాలో చెప్పలేదు.

మూడు. ఎలుగుబంటి బొమ్మకు ఊడిపోయిన కన్ను కుడతారా అని ఒకావిడ అడిగింది. బట్టల షాపుకు వెళ్ళమన్నాను. మా అక్క ఖాళీగానే ఉంటుంది.

మార్చి 17

పన్ను ఇచ్చేశాను. ముక్కు లేదు. డాక్టరు దాన్ని చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నవ్వు కొంచెం భయంగా ఉందండీ. పిల్లలు ఏడుస్తారేమో."

"మీ దగ్గరకొచ్చే పిల్లలు ఎలాగూ ఏడుస్తారు కదండీ."

తీసుకున్నాడు కానీ, ఇంకెవరికీ నా పేరు చెప్పేలా లేడు. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ పళ్ళెం కొంచెం గట్టిగానే పెట్టింది.

"నోరు కాస్త తగ్గించుకోండి. జూన్ వరకే చూస్తానని మా తమ్ముడికి మాటిచ్చాను."

ఆవిడ తమ్ముడికి బాత్‌రూమ్ టైల్స్ షాపుంది. జూన్ ఒకటి నుంచి నేను అక్కడ సరుకు రాసే పనిలో చేరాలి. అప్పుడు వెనక గది కూడా ఖాళీ చేసి ఎవరికైనా అద్దెకివ్వాలి. తెలుపులో అరవై రకాలున్నాయని బావమరిది పోయినసారి నాకు గర్వంగా చెప్పాడు. అరవై తెలుపుల మధ్య చచ్చిపోవడం గురించి నాకు ఇంకా ఒక అభిప్రాయం లేదు.

మార్చి 19, బుధవారం

పిల్లల థియేటర్ వాళ్ళకు బొమ్మలు చేసే మనిషి కావాలట. శాశ్వతమైన ఉద్యోగం. పెద్ద కిటికీలున్న పనిగది, నెలజీతం, ఆడించేవాళ్ళు ఆరుగురు. ఇలాంటి ప్రకటన ఇరవై రెండేళ్ళలో నేను చూడలేదు. మా ఆవిడ కూడా చదివి, నా పక్కన కాసేపు కూర్చుంది. ఇది వస్తే టైల్స్ లేవు.

ఏప్రిల్ 7కల్లా నమూనాగా ఒక ముసలమ్మ చేతిబొమ్మ తీసుకెళ్ళాలి. వాళ్ళ మనుషులే ఆడించి చూస్తారు. ప్రకటన చివర ఒక తోక తగిలించారు: 'మా వాళ్ళ చేతి కొలతలు కావాలంటే ఏ మధ్యాహ్నమైనా వచ్చి తీసుకోవచ్చు.'

కొలతలట! నేనేం దర్జీనా? బొమ్మ మంచిదైతే చెయ్యే సర్దుకుంటుంది.

మార్చి 24

స్పాంజి ఫోన్ చేశాడు. నా దగ్గర రెండేళ్ళు పని నేర్చుకుని, కర్ర బరువని, ఉలి కష్టమని, స్పాంజి ముక్కల్ని కత్తెరతో కత్తిరించి తలలు చేసుకుంటున్నాడు. కత్తెరతో! పరుపులు కుట్టేవాళ్ళ దగ్గర మిగిలింది ఏరుకొచ్చి కళ అంటాడు.

"అన్నా, నువ్వు కూడా థియేటర్‌కి అప్లికేషన్ పెడుతున్నావట కదా. నీ ముందు నేనెంత చెప్పు."

"అది నాకు తెలుసులే."

నవ్వాడు. వాడికి తిట్టినా నవ్వే, పొగిడినా నవ్వే. పొగిడి చూడలేదనుకోండి.

"అక్క ఎలా ఉంది? చెయ్యి ఎలా ఉంది ఇప్పుడు?"

"ఏ చెయ్యి?"

"ఏం లేదులే అన్నా" అని పెట్టేశాడు. వాడు ఎప్పుడూ ఇంతే, సగం మాట మింగేస్తాడు.

మార్చి 30

ముసలమ్మ ముఖం వచ్చింది.

ఐదు రోజులు నోరు మొండికేసింది. ఈ రోజు పొద్దున ఆకురాయితో ఎడమ చెంప కొంచెం దించాను. అంతే. ఎడమ పక్క నుంచి వెలుతురు పడితే ఎవరినో తిట్టబోతోంది. కుడి పక్క నుంచి పడితే, తిట్టాలనుకుని మానుకుంది. కనుబొమలకు రంగు వేయలేదు, కర్రలోనే తవ్వాను. ఇది కత్తెరతో రాదు. ఏడు గంటలు కుర్చీలోంచి లేవలేదు, ఆకలి కూడా వేయలేదు. ఇలాంటి రోజు వచ్చి చాలా కాలమైంది. నేను సంతోషంగా ఉన్నానని ఇక్కడ రాసుకుంటున్నాను, ఎవరికీ చెప్పాల్సిన పని లేదు కాబట్టి.

ఏప్రిల్ 7, సోమవారం

వివరంగా రాస్తాను. మనసు కుదుటపడ్డాక మళ్ళీ చదివితే ఎవరిది తప్పో తెలుస్తుంది.

గదిలో చెక్క నేల, ఒక గోడంతా అద్దం. దర్శకురాలు కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని దాని కోసమే బల్ల మీద వెతుకుతోంది. ఇలాంటి ఆవిడ నన్ను పరీక్షిస్తుంది. ఆడించే ఆరుగురూ నేల మీద కూర్చున్నారు. స్పాంజి నాకంటే ముందే వచ్చి అందరికీ టీ పోస్తున్నాడు.

నేను గుడ్డ తీసి ముసలమ్మను బల్ల మీద పెట్టాను. దర్శకురాలికి కళ్ళజోడు దొరికింది, పెట్టుకుంది, మళ్ళీ తీసి తుడుచుకుని పెట్టుకుంది. "ఎంత బాగుందండీ ఈ ముఖం" అంది. ఈ మాట ఆవిడే అంది, నేను కల్పించలేదు.

తర్వాత స్పాంజిగాడి ముసలమ్మ. దిండుకు ముక్కు అతికించినట్టుంది.

ఆడించేవాళ్ళలో గోళ్ళకు నీలం రంగేసుకున్న అమ్మాయి ఒకతి లేచి నా బొమ్మను తొడుక్కుంది. చూపుడు వేలు తలలోకి, బొటనవేలూ మధ్యవేలూ రెండు చేతుల్లోకి. చెయ్యి పైకెత్తింది. నా ముసలమ్మ తల పక్కకు వాలింది. సరిచేసింది. ఈసారి గడ్డం గుండెకు తగిలింది.

"సార్, మెడ వదులుగా ఉంది. వేలు నిలవట్లేదు."

"వేలు నిలవకపోతే అది మెడ తప్పు కాదమ్మా."

ఇంకొకడు లేచాడు, భారీ మనిషి, అరటిగెల లాంటి చెయ్యి. వాడికీ అంతే. ముసలమ్మ తాగి వచ్చినదానిలా నాలుగు వైపులా తూలింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ తర్వాత నీలిగోళ్ళు వాడి దిండు తొడుక్కుంది. రెండు నిమిషాలు. దిండు దర్శకురాలి టీ వాసన చూసింది, నచ్చలేదు, అలిగి అటు తిరిగి కూర్చుంది. అందరూ దాన్ని బతిమాలడం మొదలుపెట్టారు. పెద్దపెద్దవాళ్ళు, ఒక దిండును!

"ఇరవై రెండేళ్ళలో నాకు ఇలాంటి ఫిర్యాదు ఒక్కటి కూడా రాలేదు" అన్నాను వచ్చేస్తూ.

"అన్నేళ్ళూ ఎవరు ఆడించారండీ?" అంది దర్శకురాలు.

"మా అక్క."

"ఆవిడ ఒక్కరేనా?"

"ఒక్కతే."

కాగితం మీద ఏదో రాసుకుంది.

ఏప్రిల్ 8

నీలిగోళ్ళకు చెయ్యి పెట్టడం రాదు.

ఏప్రిల్ 9

పైగా ఆ గది చల్లగా ఉంది. చలికి వేళ్ళు సన్నబడతాయి. ఇది శాస్త్రం.

ఏప్రిల్ 10

చలేం లేదు. ఫ్యాను తిరుగుతోంది.

ఏప్రిల్ 11, శుక్రవారం

వెనక గదిలోకి వెళ్ళి ఏడు బొమ్మలు దించాను. రాజు, దొంగ, మంత్రగత్తె, ఏది చేతికందితే అది. ఒక్కొక్క మెడలో వేలు పెట్టి చూశాను. అన్నీ వదులే. రెండు వేళ్ళు పెట్టాను. ఏడింటికీ గట్టిగా పట్టింది.

అక్క ఎప్పుడూ చూపుడు వేలూ మధ్యవేలూ కలిపి తలలో పెడుతుంది. చేతులకు బొటనవేలూ చిటికెన వేలూ. లోకమంతా తలకు ఒక్క వేలే వాడుతుందని నాకు తెలుసు. తెలిసి మర్చిపోయాను. ఎన్నో ఏళ్ళుగా నేను మెడను కొలవడమే లేదు, ఉలి దానంతటదే అంత వెడల్పు తవ్వేస్తుంది.

అంటే నేను ఇన్నాళ్ళూ చేసిన బొమ్మలన్నీ ఒకే ఒక్క చేతికి చేశాను. ఆ చెయ్యి నన్ను వదిలేసి ప్యాంట్లు కుట్టుకోవడానికి వెళ్ళినా, నా చేతులు దాని కోసమే చేస్తున్నాయి. అక్క అలవాటు కోసం నేను నా పనినే మార్చుకున్నాను, నోరెత్తి ఒక్కసారి కూడా చెప్పుకోలేదు. కాసేపు ఆ ఏడు బొమ్మల మధ్య నేల మీద కూర్చున్నాను. ఏడ్చానని రాయను.

ఏప్రిల్ 12

దీన్ని పేజీలో పెట్టాను. నేనే రాశాను, అమ్మాయి సాయం లేకుండా. 'ఇరవై రెండేళ్ళు ఒకే ఒక్క చేతి కోసం బొమ్మలు చేశాను. ఆ చెయ్యి మా అక్కది.' ఇలా మొదలవుతుంది. మెడలో రెండు వేళ్ళున్న ఫోటో కూడా పెట్టాను.

పళ్ళాయన చెప్పాడని కాదు.

ఏప్రిల్ 14

నాలుగు వేల మంది. నేను చూడట్లేదు. పొద్దున రెండు వేల నూట పది, పన్నెండింటికి రెండు వేల తొమ్మిది వందలు, ఇప్పుడు నాలుగు వేల ముప్ఫై.

కుక్కల పెద్దమనిషి 'కన్నీళ్ళొచ్చాయి బ్రదర్' అని రాశాడు. ఎవరో తెలియని ఆవిడ 'ఇలాంటి తమ్ముడు అందరికీ ఉండాలి' అని రాసింది. ఆవిడకు మనుషుల్ని అంచనా వేయడం తెలుసు.

అక్క ఏమీ రాయలేదు. తను ఫోన్ పెద్దగా చూడదు.

ఏప్రిల్ 16, బుధవారం

దర్శకురాలు ఫోన్ చేసింది. మరీ ఎదురుచూస్తున్నట్టు ఉండకూడదని నాలుగుసార్లు మోగనిచ్చి తీశాను.

ఉద్యోగం స్పాంజికి ఇచ్చేశారు. ముందు ఆ మాటే చెప్పింది, సాగదీయకుండా. "అలాంటి ముఖం ఇక్కడ ఎవరికీ రాదండీ. కానీ మాకు ఆడాలి కదా" అంది.

నేను పెట్టేయబోయాను.

"ఒక్క నిమిషం. మీరు రాసింది చదివాం. మీ బొమ్మ ఇక్కడే వదిలేసి వెళ్ళారు కదా, మా వాళ్ళు రెండు వేళ్ళు పెట్టి చూశారు. ఆ ముసలమ్మ తల తిప్పి విందండీ, నిజంగా విన్నట్టే ఉంది. ఇంత బరువైన బొమ్మని ఇరవై రెండేళ్ళు ఆడించిన మనిషి మాకు కావాలి. మా ఆరుగురికీ నేర్పడానికి, నెలజీతం మీద. ఆవిడ నంబరు నా దగ్గర లేదు. మీరు చెప్తారా? ముప్ఫయ్యో తారీకు లోపల ఏ సంగతో చెప్తే చాలు."

"చెప్తాను" అన్నాను.

నన్ను నేను అమ్ముకుందామని దుకాణం తెరిస్తే అక్క అమ్ముడుపోయింది.

ఏప్రిల్ 17

రేపు చెప్తాను. గురువారాలు బట్టల షాపులో రద్దీ ఎక్కువ.

ఏప్రిల్ 19

వర్షం.

ఏప్రిల్ 21

బాగా ఆలోచించాను. తనంతట తనే వదిలేసి వెళ్ళిన మనిషిని మళ్ళీ ఆ తెర వెనక్కి తొయ్యడం మంచిపనేనా? ఏదో ఒక మూల కూర్చుని కుట్టుకుంటోంది. అక్క మంచి కోసమే నేను ఆగుతున్నాను.

ఏప్రిల్ 22

అయినా అక్కడికి వెళ్ళి ఏం ఆడిస్తుంది? వాడి దిండ్లా? నా బొమ్మలు తప్ప ఆ చేతికి వేరేవి పట్టవు. ఇది నేను రాసిన మాటే, నాలుగు వేల మంది చదివారు.

ఏప్రిల్ 25

దర్శకురాలు మెసేజ్ పెట్టింది: 'అక్కగారికి చెప్పారా?'

'ఆలోచిస్తోంది' అని పెట్టాను.

ఏప్రిల్ 26

అది అబద్ధం కాదు. అక్క ఎప్పుడూ ఏదో ఒకటి ఆలోచిస్తూనే ఉంటుంది.

ఏప్రిల్ 30

వెనక గది ఊడ్చాను. మేకులకు నూనె రాశాను. రోజంతా పనే.

మే 2, శుక్రవారం

గడువు దాటింది కాబట్టి ఈ రోజు బట్టల షాపుకు వెళ్ళాను. 'ఫోన్ వచ్చింది, నాకూ ఆలస్యంగా తెలిసింది, ఏం చేస్తాం' అని చెప్పాలని దారిలో మాటలు సర్దుకున్నాను. వినడానికి బాగానే ఉన్నాయి.

కుట్టుమిషన్ దగ్గర ఇంకెవరో కూర్చుంది.

"ఆవిడ మానేసి రెండు వారాలైందండీ" అన్నాడు షాపాయన. "థియేటర్లో చేరారు కదా. మీకు చెప్పలేదా?"

బస్సెక్కి థియేటర్‌కు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో రాయడం కష్టం. ఆ అద్దం గది తలుపు తెరిచే ఉంది. ఆరుగురూ నేల మీద కూర్చున్నారు. వాళ్ళ ముందు అక్క నిలబడి ఉంది, చెయ్యి పైకెత్తి. చేతికి వాడి దిండు ముసలమ్మ. తలలో ఒకటే వేలు. ముసలమ్మ ఎవరి మీదో చాడీలు చెబుతోంది, నీలిగోళ్ళు కడుపు పట్టుకుని నవ్వుతోంది. అక్క కూడా నవ్వుతోంది. ఆడిస్తున్నప్పుడు అక్క నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆట జరుగుతుంటే నేను ముందు వరసలో కూర్చుంటాను కదా, ఎలా చూస్తాను?

నన్ను చూసింది. కంగారు పడలేదు. ఆ ముక్క పూర్తి చేసి, వాళ్ళను సాధన చేసుకోమని చెప్పి వరండాలోకి వచ్చింది.

"ఎప్పటినుంచి?" అన్నాను.

"పద్దెనిమిది నుంచి. వాడు ఫోన్ చేశాడు." వాడంటే స్పాంజి.

"నేను చెప్దామనుకుంటూనే ఉన్నానక్కా, ఈలోపల..."

"తెలుసులేరా. నీకు పదహారునే చెప్పిందట కదా ఆవిడ." అక్క గొంతులో కోపం లేదు. ఉంటే నాకు సుఖంగా ఉండేది. "ఇరవై అయిదున నువ్వు మెసేజ్ పెట్టావు చూడు, నేను ఆలోచిస్తున్నానని? అప్పుడు ఆవిడ నా పక్కనే కూర్చునుంది. నీకు తెలుసో లేదో కనుక్కుందామని అడిగిందట. ఫోన్ నాకు చూపించింది."

"నువ్వేం చెప్పావు?"

"అవును, ఇంకా ఆలోచిస్తున్నానని మా తమ్ముడితో అన్నాను, అదే చెప్పాడు అన్నాను. పదిమందిలో నీ పరువు తీయమంటావా?"

నేను మాట మార్చాను. నాకు బాగా వచ్చిన విద్య అదొకటే. "ఒక్క వేలితో ఆడిస్తున్నావేంటి? నీకు రెండు వేళ్ళ అలవాటు కదా. ఆ అలవాటు కోసమే కదా నేను ఇన్నేళ్ళూ..."

"అలవాటేంట్రా? నీ తల ఒక్క వేలి మీద నిలుస్తుందా? మొదటి బొమ్మ ఇచ్చినప్పుడే చూశాను, రాయిలా ఉంది. తల నిలవక రెండో వేలు కూడా దూర్చాను. నువ్వది చూసి మెడ వెడల్పు చేశావు. తల మాత్రం తగ్గించలేదు."

"నాకు చెప్పొచ్చు కదా."

"చెప్పాను. మొదటి ఏడాదే రెండుసార్లు చెప్పాను. కర్రన్నాక బరువుండదా అన్నావు. తర్వాత మానేశాను. నీ ముఖాలు అంత బాగుంటే, నా నొప్పి గోల ఎందుకులే అనిపించింది."

మోచెయ్యి పట్టుకుని మెల్లగా తిప్పింది. డిసెంబరుకల్లా గ్లాసు కూడా ఎత్తలేకపోయిందట. ఆ ముక్క స్పాంజికి తెలుసు, మా ఆవిడకు తెలుసు, ఆఖరికి మా అమ్మాయికి కూడా తెలుసు.

"పేజీలో రాసింది చదివాను" అంది అక్క. "బాగా రాశావు."

వెటకారం కాదు. నిజంగానే అంది. వరండాలో ఎక్కడ చూడాలో నాకు తెలియలేదు, అగ్నిమాపక సిలిండర్ మీద రాసింది మొత్తం చదివాను.

లోపలికి వెళ్ళబోతూ ఆగింది. "వాడికి ముఖాలు సరిగ్గా రావట్లేదురా. వాడే ఒప్పుకుంటున్నాడు. చెక్కేవాళ్ళు ఒకరు కావాలని ఆవిడని అడుగుతున్నాడు. నువ్వు వాడికి ఫోన్ చెయ్యి."

"నేనా? వాడికా?"

"మరి టైల్సేనా?" అని వెళ్ళిపోయింది.

మే 3, శనివారం

పొద్దున స్పాంజికి ఫోన్ చేశాను. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, పని ఇవ్వమని అడిగాను. ఆ మాట ఇంతకు ముందు ఎవరినీ అడగలేదు, వాక్యం ఎలా కట్టాలో తెలియక రెండుసార్లు దగ్గాను. వాడు ఈసారి నవ్వలేదు.

"నువ్వొస్తే అంతకన్నా ఏం కావాలన్నా. ఒక్కటే. తల వంద గ్రాములు దాటకూడదు. లోపల గుల్ల చేసినా సరే, పల్చటి కర్ర తీసుకున్నా సరే. ఏమనుకోకు."

"వంద గ్రాముల్లో తలేంట్రా?" అన్నాను.

"మరి ఇన్నాళ్ళూ నీవి ఎంతుండేవన్నా?"

ఎప్పుడూ తూయలేదు.

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. మా ఆవిడ వంటగదిలో వాడే త్రాసు బల్ల మీద పెట్టి, వెనక గదిలోంచి రాజును తెచ్చి తల విప్పి పెట్టాను. నాలుగు వందల ముప్ఫై. త్రాసు చెడిపోయిందనుకుని పంచదార పొట్లం పెట్టి చూశాను. త్రాసు బాగానే ఉంది.

తల మళ్ళీ బిగించి రాజును చేతికి తొడుక్కున్నాను. రెండు వేళ్ళూ తలలోనే పెట్టాను, ఒక్క వేలితో మొదలుపెట్టే ధైర్యం కూడా చేయలేదు. గడియారం ఎదురుగా నిలబడి చెయ్యి నెత్తి మీదికి నిటారుగా ఎత్తాను, తెర పైన బొమ్మ కనబడాలంటే ఎత్తాల్సినంత. నలభై ఒక్క బొమ్మలు చేసినవాణ్ణి, ఒక్కదాన్ని కూడా ఇలా ఎత్తి పట్టుకోలేదు. తొడుక్కుని అద్దంలో దాని ముఖం చూసి తీసేసేవాణ్ణి.

మూడు నిమిషాలకు భుజం లాగింది. ఐదుకు వేళ్ళు మొద్దుబారాయి. ఎడమ చేత్తో మోచేతిని పట్టుకున్నాను, అప్పుడు గుర్తొచ్చింది, అక్కకు ఎడమ చేతికి ఇంకో బొమ్మ ఉండేది. వదిలేశాను. ఎనిమిదో నిమిషంలో రాజు ముఖం పైకి చూశాను. ఎంత బాగుంది! దాన్ని నేలకేసి కొట్టాలనిపించింది. పదకొండో నిమిషంలో చెయ్యి దానంతటదే కిందికి వచ్చేసింది, నేను దించలేదు.

కుడి చెయ్యి ఇంకా వణుకుతోంది, ఇది ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు ఇలా ఉన్నాయి.

ఆట యాభై నిమిషాలు. రోజుకు రెండు ఆటలు. ఆట అయిపోగానే జనం లేచి చప్పట్లు కొట్టేవాళ్ళు. వాటికోసం అక్క రాజును మళ్ళీ తెర పైకి ఎత్తి పట్టుకుని ఉండేది, చప్పట్లు ఆగేదాకా. నేను తెర ముందుకు వచ్చి నిలబడి, చేతులు జోడించి, అవన్నీ తీసుకునేవాణ్ణి. బాగా కొడుతున్నారంటే ఇంకాసేపు అక్కడే నిలబడేవాణ్ణి.